వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ ట్రెక్: లోయకి ఐదు స్టార్లు, ప్యాకేజీకి రెండే

ముందే చెప్పేస్తున్నా, ఉత్తరాఖండ్ వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు హాయిగా వెళ్ళండి, కానీ మేం తీసుకున్నలాంటి ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే ప్లాన్‌ని అటూ ఇటూ మార్చి అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అందరిదీ ఒకటే లెక్క, లోయకి ఒక రోజు, హేమ్‌కుండ్ సాహిబ్‌కి (కొండ మీది సిక్కుల గురుద్వారా) ఒక రోజు, మిగతాదంతా బండిలో కూర్చోడమే. ఆ ఒక్క రోజూ వాన పట్టుకుంటే ఇక అంతే సంగతులు, జూలై ఆగస్టుల్లో అక్కడ వాన పడకపోతేనే వింత.

రిషికేశ్ నుంచి జోషీమఠ్ (ఇప్పుడు జ్యోతిర్మఠ్ అని పేరు మార్చారు) దాదాపు 250 కిలోమీటర్లు, మామూలుగా అయితే ఒక రోజు ప్రయాణం, మధ్యలో ఎక్కడో ఒకచోట కొండచరియ విరిగి జేసీబీ వచ్చేదాకా ఆగడం కూడా ఆ రోజులో భాగమే అనుకోవాలి. అక్కడి నుంచి బద్రీనాథ్ రోడ్డులోనే ఇంకాస్త ముందుకి పోతే గోవింద్‌ఘాట్. మన ఊళ్ళ నుంచి చార్‌ధామ్ యాత్రకి వెళ్ళే బస్సులన్నీ దీని మీదుగానే పోతాయి, అయినా పక్క లోయలో ఇంత పెద్ద పూలవనం ఉందని చాలామందికి తెలీదు, బద్రీనాథ్ దర్శనం చేసుకుని అటునుంచి అటే తిరిగొచ్చేస్తారు.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపులు ఉంటాయి, ఆ తర్వాత ఘంగారియా వరకు సుమారు 10 కిలోమీటర్లు నడకే. రాళ్ళు పరిచిన దారి, పక్కనే లక్ష్మణ్ గంగ హోరు, అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కగలిగేవాళ్ళు మెల్లగా ఎక్కేస్తారు. దారిలో ఇబ్బంది అల్లా కంచర గాడిదలు, వాటి పేడ, వాన పడితే ఆ పేడ కలిసిన బురద. గాడిదలు వస్తుంటే కొండ వైపుకి ఒదిగి నిలబడండి, నది వైపు అస్సలొద్దు. నడవలేనివాళ్ళకి గాడిదలతో పాటు కండీ కూడా దొరుకుతుంది, అంటే పోర్టర్ వీపు మీద బుట్టలో కూర్చోబెట్టి మోసుకెళ్తాడు. హెలికాప్టర్ కూడా ఉంది కానీ మబ్బు పడితే ఎగరదు, దాన్ని నమ్ముకుని తిరుగు ఫ్లైట్ బుక్ చేసుకోవద్దు.

ఘంగారియా సుమారు 3,050 మీటర్ల ఎత్తులో ఒకటే వీధి ఉన్న ఊరు, చలికాలం మొత్తం ఖాళీ. లాడ్జీల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, మా రూములో దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, వేడినీళ్ళు బకెట్ లెక్కన డబ్బులిచ్చి తెప్పించుకోవాలి, కరెంటు దాని ఇష్టం. ప్యాకేజీలో భోజనం అన్నారు గానీ పూటపూటా అదే రాజ్మా, అదే చల్లారిన రోటీ. దానికన్నా గురుద్వారాలో లంగర్ (ఉచితంగా పెట్టే) భోజనం వేడివేడిగా ఎంతో బాగుంది, పైగా ఎవరైనా తినొచ్చు. మా బావమరిది తెచ్చిన కందిపొడి డబ్బాకి గ్రూపులో గిరాకీ మామూలుగా లేదు. చేతిలో క్యాష్ ఉంచుకోండి, సిగ్నల్ సరిగా లేక ఫోన్ పేమెంట్ మధ్యలో తిరుగుతూనే ఉంటుంది.

ఇక అసలు లోయ సంగతి. ఘంగారియా దాటాక దారి రెండుగా చీలుతుంది, కుడివైపు హేమ్‌కుండ్, ఎడమవైపు లోయ. ఫారెస్ట్ చెక్‌పోస్టులో టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళాలి, లోపల గాడిదలు లేవు, కొట్లు లేవు, టెంట్ వేసుకుని పడుకోనివ్వరు, మధ్యాహ్నం దాటితే లోపలికి పంపరు, సాయంత్రానికల్లా బయటికి వచ్చేయాలి. ఈ రూల్స్ చూసి మా గ్రూపులో కొందరు గొణిగారు కానీ నాకైతే ఇవే నచ్చాయి, హేమ్‌కుండ్ దారిలో జనం, ఇక్కడ ప్రశాంతత చూస్తే తేడా తెలిసిపోతుంది. పుష్పావతి నది మీద వంతెన దాటాక కాసేపు నిటారు ఎక్కుడు, భూర్జ చెట్ల అడవి, చెట్ల నుంచి కాగితంలా పొరలు పొరలుగా ఊడొచ్చే బెరడు, పాతకాలంలో గ్రంథాలు రాసిన భూర్జపత్రాలు ఇవే. ఆ ఎక్కుడు అయ్యాక ఒక్కసారిగా లోయ తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక మాట, ఇన్‌స్టాలో చూపించినట్టు నేల కనపడకుండా గులాబీరంగు తివాచీ ఉంటుందనుకుంటే కొంచెం నిరాశ పడతారు. దూరం నుంచి చూస్తే పచ్చటి గడ్డి, మబ్బులు, అటూ ఇటూ జలపాతాలు, అంతే. దగ్గరికెళ్ళి వంగి చూస్తే అప్పుడు తెలుస్తుంది, ఒక్క అడుగు చోటులో నాలుగైదు రకాల పూలు. ఇక్కడ 500 పైగా పూలజాతులు ఉన్నాయంటారు, అవన్నీ ఒకేసారి పూయవు కూడా, జూన్‌లో మంచు కరుగుతూ ఉంటుంది, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా మంచి సీజన్, సెప్టెంబర్ వచ్చేసరికి ఆకాశం తేటపడుతుంది కానీ పూలు విత్తనాలకి తిరుగుతాయి. ఈ లోయ నేషనల్ పార్కు కదా, జూన్ మొదటి నుంచి అక్టోబర్ చివరి దాకా తెరిచి ఉంటుంది.

ప్యాకేజీ గైడ్ కుర్రాడు మంచోడే గానీ పూల గురించి అడిగితే 'ఎల్లో ఫ్లవర్ సర్, పింక్ ఫ్లవర్ సర్' అంటాడు, గడియారం చూసుకుంటూ పదండి పదండి అని తరుముతాడు. అందుకే గ్రూపు దిగిపోయినా నేనూ మా బావమరిదీ ఉండిపోయి, ఘంగారియాలోనే ఒక లోకల్ గైడ్‌ని మాట్లాడుకుని మళ్ళీ లోయలోకి వెళ్ళాం. ఈ ట్రిప్పులో డబ్బుకి తగ్గ విలువ దొరికింది అక్కడే. ఆయన పక్క ఊరాయనే, అడవి నీడలో పడగ ఎత్తినట్టుండే కోబ్రా లిల్లీ, బండల సందుల్లో ముళ్ళతో ఉన్న నీలి పాపీ, నది ఇసుకలో రివర్ బ్యూటీ, అన్నీ ఆగి ఆగి చూపించాడు. మనిషంత ఎత్తు పెరిగి మిగతా పూలని మింగేస్తున్న పాలిగోనమ్ అనే మొక్కని కూడా చూపించాడు, దాన్ని ఫారెస్ట్ వాళ్ళు మనుషుల్ని పెట్టి పీకిస్తుంటారట. పార్కు చేశాక పశువుల మేత ఆపేశారు కాబట్టే అది ఇంతలా పెరిగిందని ఆయన వాదన, అలా అనేవాళ్ళు ఇంకా ఉన్నారు, కాదనేవాళ్ళూ ఉన్నారు.

1931లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఈ లోయని 'కనిపెట్టింది' అని ప్రతి బ్రోషర్‌లో ఉంటుంది, అంతకుముందు ఇక్కడ గొర్రెలు మేపుకున్నవాళ్ళు ఏమైపోయారో మరి! లోపల కాస్త పక్కకి వెళ్తే జోన్ మార్గరెట్ లెగ్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త సమాధి ఉంది, మొక్కలు సేకరించడానికి వచ్చి 1939లో ఇక్కడే జారిపడి చనిపోయింది, తర్వాత ఆవిడ సోదరి వచ్చి రాయి పెట్టించింది. మా ప్యాకేజీ వాళ్ళు టైమ్ లేదని అక్కడిదాకా తీసుకెళ్ళనేలేదు.

హేమ్‌కుండ్ గురించి క్లుప్తంగా చెప్తా. ఘంగారియా నుంచి 6 కిలోమీటర్లే కానీ 4,300 మీటర్లకి పైబడిన ఎత్తు, ఊపిరి అందదు, తలనొప్పి వస్తే పంతం పట్టకుండా దిగిపోండి. పైన సరస్సు, గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి, వేడి టీ, కిచిడీ. బ్రహ్మకమలాలు ఉండేది ఈ దారిలోనే, పై ఎత్తుల్లో. మన డాబాల మీద కుండీల్లో రాత్రిపూట పూసేది వేరే, అది కాక్టస్ జాతి, అది పూసిందని వాట్సాప్‌లో ఫోటో పెట్టే మా పిన్నికి ఇది చెప్తే ఇప్పటికీ నమ్మట్లేదు.

మొత్తానికి మీరే సొంతంగా ప్లాన్ చేసుకోండి, కష్టమేం కాదు. రిషికేశ్ నుంచి షేర్ జీపులు ఉంటాయి, ఘంగారియా రూములు మాత్రం సీజన్‌లో ముందే మాట్లాడుకోండి. లోయకి రెండు రోజులు పెట్టండి, దానికి తోడు వానకి ఒక రోజు ఖాళీ ఉంచండి, ప్యాకేజీకి పెట్టే డబ్బులో కొంత లోకల్ గైడ్‌కి ఇవ్వండి. రెయిన్‌కోటు కన్నా పోంచో నయం, బ్యాగు కూడా కప్పేస్తుంది. కొత్త బూట్లు మాత్రం వేసుకెళ్ళొద్దు, ఇంటి దగ్గర కొన్నాళ్ళు తొడుక్కుని తిరిగాకే తీసుకెళ్ళండి.