కోరింగలో రెండు గంటలు ఒకేచోట

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద, చొల్లంగి దగ్గర కోరింగ అభయారణ్యం ఉంది. చాలామంది పడవెక్కి ఓ చుట్టు తిరిగి, నీటికుక్క కనపడలేదని నిరాశపడి వెళ్ళిపోతారు. మొదటిసారి నేనూ అంతే. ఈ జనవరిలో మాత్రం రెండు రోజులున్నాను.

ఫొటోలకైతే పడవ కంటే మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెనే నయం. పడవలో ఇంజన్ శబ్దానికి కొంగలు ముందే లేచిపోతాయి, పైగా కెమెరా కుదురుగా నిలవదు.

వెళ్ళేముందు కాకినాడ రేవు ఆటుపోట్ల సమయాలు చూసుకోండి. నీళ్ళు వెనక్కి తీసే పాటు సమయం రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్ళు తీసి బురద బయటపడితేనే అక్కడ సందడి.

వంతెన మీద బోర్లా పడుకుని, 300 ఎంఎం లెన్స్ కిందికి పెట్టాను. అడుగుల అదురుకు పీతలన్నీ బొరియల్లోకి పోయాయి. కదలకుండా ఉంటే పది నిమిషాలకు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇవి ఫిడ్లర్ పీతలు. వీటిలో మగపీతకు ఒక డెక్క ఒళ్ళంత పెద్దది. దాన్ని పైకెత్తి ఆడపీతను పిలుస్తుంది. అది మేత తినేది మాత్రం చిన్న డెక్కతోనే. కాసేపటికి మడ్‌స్కిప్పర్లు వచ్చాయి. చేపలే, కానీ రెక్కల మీద ఆనుకుని బురదలో పాకుతాయి. ఒళ్ళు తడిగా ఉంటేనే చర్మంతో ఊపిరి తీసుకోగలవు కాబట్టి మధ్యమధ్య బురదలో పొర్లుతాయి. కళ్ళు లోపలికి లాక్కుని మళ్ళీ పైకి తేవడం దగ్గర నుంచి చూస్తే ఎంత ముచ్చటేసిందో! వెయ్యో వంతు సెకను షట్టర్ పెడితే గెంతు దొరికింది.

ఆదివారం మాత్రం వద్దు. పిల్లల పరుగులకు వంతెనంతా అదురుతుంది, బురద మీద ఒక్క ప్రాణీ నిలవదు. వారం మధ్యలో వెళ్ళండి.

బస కాకినాడలోనే మేలు. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. పొద్దున్నే టిఫిన్ ఇస్తామన్న మాట మాత్రం రెండు రోజులూ నిలబెట్టుకోలేదు. బిస్కెట్లు, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి.

రెండో రోజు పోటు మొదలయ్యేదాకా ఉన్నాను. నీళ్ళు దగ్గరకొస్తుంటే ఓ పీత తన బొరియ మూతికి బురద ముద్ద లాక్కుని లోపలి నుంచి మూసేసుకుంది. ఆ చివరి ఫొటోలో ముద్ద అంచున దాని కాలొక్కటే కనిపిస్తుంది.