హయెక్ పరిమిత రాజ్యమా, రాత్‌బార్డ్ రాజ్యరహిత సమాజమా?

మార్కెట్ తనంతట తానే క్రమంలో పడుతుందన్న విషయంలో ఆర్థికవేత్తలు ఫ్రెడరిక్ హయెక్‌కూ ముర్రే రాత్‌బార్డ్‌కూ పేచీ లేదు; రాజ్యం, అంటే ప్రభుత్వాధికారం, దగ్గరే వారి దారులు చీలతాయి. తగరం కొరత ఏర్పడితే, దానికి కారణం తెలియకపోయినా, పెరిగిన ధరను చూసి వాడకందారులందరూ ఎవరి ఆదేశమూ లేకుండానే పొదుపు పాటిస్తారని హయెక్ 1945లో వివరించారు. అయినా అందరికీ సమానంగా వర్తించే చట్టాన్ని, పన్నుల వసూలును, నిరాధారులకు కనీస ఆదాయాన్ని ఆయన రాజ్యానికే వదిలారు. రాత్‌బార్డ్ దృష్టిలో పన్నే దోపిడీ. పోలీసు రక్షణనూ న్యాయ నిర్ణయాన్నీ సైతం పోటీపడే ప్రైవేటు సంస్థలే అందించాలి.

తర్కంలో రాత్‌బార్డే నిక్కచ్చి. కానీ రెండు రక్షణ సంస్థల ఖాతాదారులు తగవుపడినప్పుడు, ముందే ఒప్పుకున్న అప్పీలు కోర్టు తీర్పును బలమైన సంస్థ తోసిపుచ్చితే, మిగిలేది బలప్రయోగమే. అందుకే నా మొగ్గు హయెక్ వైపు, పన్ను వేసే అధికారానికి ఆయన గీసిన గీత పలచనిదే అయినప్పటికీ.