పార్కుకు పచ్చిక మేలా, చెట్లు మేలా?

హైదరాబాదులో ఒక కాలనీ పార్కుకు ఎకరం స్థలం ఉందనుకుందాం. ఏటేటా ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఆ ఎకరమంతా పచ్చిక పరచాలా, మొక్కలను ఒత్తుగా నాటే మియావాకీ పద్ధతిలో చిట్టడవి పెంచాలా, లేక వేప, కానుగ, మోదుగ వంటి మన చెట్లను ఎడంగా నాటాలా?

చూపుకు పచ్చికదే పైచేయి, దాని ఖర్చు మాత్రం బోరు దగ్గర తెలుస్తుంది. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి పెట్టాలంటే ఎకరానికి సుమారు 20 వేల లీటర్ల నీరు కావాలి. ఆ నీటిని 100 మీటర్ల లోతు నుంచి తోడటానికి, పంపు సామర్థ్యం సగమే అనుకుంటే, 11 యూనిట్ల కరెంటు పడుతుంది. మన దేశంలో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, గడ్డి కోసే యంత్రం తాగే పెట్రోలును పక్కన పెట్టినా, రోజుకు 8 కిలోల దాకా గాలిలో కలుస్తుంది. ఇంతా చేస్తే, మే నెల మధ్యాహ్నం ఆ పచ్చిక మీద ఎవరూ కూర్చోరు. అందరూ గోడ పక్కనున్న కానుగ నీడకే చేరతారు.

జపాను వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు 3, 4 మొక్కలు నాటి, మొదటి రెండు మూడేళ్లు నీరు పోస్తే చాలు. అయితే రాతినేలను మీటరు లోతు తవ్వి ఎరువు కలపాలంటే జేసీబీ, లారీలు తప్పవు. పైగా ఆ గుబురులోకి మనిషి అడుగుపెట్టలేడు. రోడ్డు దుమ్మును ఆపే పట్టీగా అది బాగుంటుంది గానీ, పార్కంతా అదే అయితే నడకకు వచ్చేవాళ్లు ఎక్కడికి పోవాలి?

నా మొగ్గు ఎడంగా నాటిన చెట్లవైపే. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన, హైదరాబాదులోనే ఉన్న కేబీఆర్ పార్కును చూస్తే ఈ బండనేలకు ఏ చెట్టు, ఏ పొద నప్పుతుందో తెలుస్తుంది. పిల్లల ఆటకు ఒక మూల పచ్చిక ఉంచవచ్చు. చిక్కంతా ఆకురాలు కాలంలోనే. ఊడ్చిన ఆకుల కుప్పకు పొద్దున్నే అగ్గిపుల్ల గీసే అలవాటు, బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే ఆదేశించినా, ఇంకా పోలేదు. అవే ఆకులను గుంతలో తొక్కి, పేడనీళ్లు చల్లి, పైన పలుచగా మట్టి కప్పితే వానాకాలం వెళ్లేసరికి నల్లగా పొడిపొడిగా మాగుతాయి; ఆకుల్లోని కార్బన్ కొంతైనా నేలలో నిలుస్తుంది, ఎరువు బస్తాలు కొనే పనీ తగ్గుతుంది.