రన్‌వేనా, నీళ్లా: యాంఫిబియన్‌కి ఏది మేలు?

యాంఫిబియన్ విమానం, అంటే నేల మీదా నీళ్ల మీదా దిగగల విమానం, నడపడం నేర్చుకుంటున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. రన్‌వే, సరస్సు రెండూ అందుబాటులో ఉన్నప్పుడు ఎక్కడ దిగాలి? చాలామంది గాలి, అలలు, దూరం లెక్కలతో మొదలుపెడతారు. అవి రెండో వరస. ముందు తేల్చుకోవాల్సింది చక్రాలు ఎక్కడున్నాయన్నది.

ఎందుకంటే ఇక్కడ జరగగల రెండు పొరపాట్లూ సమానం కావు. చక్రాలు దించకుండా రన్‌వే మీద వాలితే ఫ్లోట్ల (నీటిపై తేల్చే పడవలాంటి తేలియాడే భాగాల) కీల్, అంటే అడుగున నిలువునా ఉండే గట్టి అంచు, నేలకు రాసుకుంటూ కాస్త దూరం జారి ఆగుతుంది. మామూలు విమానంలో అయితే ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుని దెబ్బ ఇంజన్ దాకా పోతుంది. యాంఫిబియన్‌లో ప్రొపెల్లర్ ఎత్తులో ఉంటుంది కనుక చాలాసార్లు కీల్ అరుగుదలతోనే సరిపోతుంది. చక్రాలు దిగి ఉండగా నీళ్లలో వాలితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. ఫ్లోటు అడుగుకన్నా కిందికి వేలాడే చక్రాలను నీరు పట్టి వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు గరిమనాభికి బాగా కింద పనిచేస్తుంది కాబట్టి ముక్కు నీళ్లలోకి దూసుకుపోయి విమానం బోర్లా పడుతుంది. ఒంటికి దెబ్బ తగలకపోయినా, బెల్టులకు తలకిందులుగా వేలాడుతూ, నీరు నిండే కాక్‌పిట్‌లో తలుపు గడియ ఎటుందో తెలియక మునిగిపోయే ప్రమాదం ఉంది.

అందుకే నా మాట ఇదే: ఏ ఒక్క చక్రం మీద అనుమానం ఉన్నా రన్‌వే. సరస్సు ఎంత ప్రశాంతంగా కనిపించినా సరే.

అనుమానం తీర్చుకునే దారులు ఉన్నాయి. చాలా ఫ్లోట్లలో ఒక్కో చక్రానికి విడివిడిగా లైటు ఉంటుంది: పైకి ముడుచుకుంటే నీలం, కిందికి దిగి లాక్ అయితే ఆకుపచ్చ. ఒక్కో ఫ్లోటుకు రెండేసి చొప్పున నాలుగు చక్రాల లైట్లూ ఒకే రంగులో ఉండాలి. తర్వాత అద్దంలోనో కిటికీలోంచో చక్రాలను, ఫ్లోటు మీది సూచికను కంటితో చూడాలి. చక్రాలను కదిపే పంపు మోటారు ఆగకుండా తిరుగుతున్నా, అసలు తిరగకపోయినా ఎత్తులోనే ఉండి సర్క్యూట్ బ్రేకర్ చూసుకుని, ఆపైన హ్యాండ్ పంపు వాడాలి. ఇంత చేశాక నాలుగూ పైనే ఇరుక్కుపోయాయని రూఢి అయితే నీళ్లే మేలు, ఏ నష్టమూ ఉండదు. కొన్ని పైన, కొన్ని కింద ఉండిపోతే మళ్లీ అన్నీ పైకి ముడవడానికి ప్రయత్నించండి. ముడుచుకోకపోతే రన్‌వేనే. దిగని చక్రం వైపుకు విమానం ఒరిగి అటే తిరుగుతుందని ముందే సిద్ధంగా ఉండాలి. కీల్ మీద దిగేటప్పుడు విమానాన్ని చదునుగా, తక్కువ దిగుడు వేగంతో ఆనించి, తాకగానే స్టిక్ వెనక్కి పట్టి ఉంచాలి. వేగం ఊహించినదానికన్నా త్వరగా పడిపోతుంది, ముక్కు కిందికి గుంజుతుంది.

అలవాటే ఇక్కడ పెద్ద శత్రువు. మామూలు ముడుచుకునే గేర్ (చక్రాల అమరిక) ఉన్న విమానాల్లో "గేర్ దిగిందా?" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే. ఇక్కడ రెండు. రన్‌వే నుంచి లేచి, పక్కనే ఉన్న సరస్సుకు కొద్ది నిమిషాల్లో చేరే ప్రయాణంలోనే చక్రాలు ముడవడం మరిచిపోతారు. గేర్ ఎటుందో గొంతుతో చెప్పే పరికరం ఉన్నా, ప్రతి ల్యాండింగ్‌లోనూ వినీ వినీ చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి దిగే చోటుతో మొదలుపెట్టి పైకే అనాలి: "నీళ్ల మీద దిగుతున్నాను, ఎడమ రెండూ పైన, కుడి రెండూ పైన." ఫైనల్‌లో, అంటే దిగే చోటుకు నేరుగా వచ్చే చివరి దశలో, మరోసారి అనాలి.

చక్రాల సంగతి తేలాక నీళ్లకు ఒక గట్టి మొగ్గు ఉంది. సరస్సు వెడల్పుగా ఉంటే గాలికి ఎదురుగా ఏ దిక్కునైనా దిగొచ్చు. ఫ్లోట్ల యాంఫిబియన్‌కి పక్కగాలి తగిలే ఒళ్లు ఎక్కువ, ముందు చక్రాలు స్వేచ్ఛగా తిరిగేవి, నేల మీద తిప్పడమంతా బ్రేకులతోనే. బలమైన క్రాస్‌విండ్‌లో ఒకే ఒక్క రన్‌వే ఉంటే నేనూ నీళ్లనే ఎంచుకోమంటాను. గాలి 10 నాట్లు దాటి తెల్ల నురగలు కనిపిస్తుంటే, గాలి వచ్చే వైపు ఒడ్డు దగ్గర నీరు తక్కువగా కదులుతుంది. అక్కడ చూడండి.

గాలి అసలు లేకపోయినా తంటాయే. అద్దంలాంటి నీటి మీద ఎత్తు కంటికి అందదు. ఫ్లేర్ చేయకూడదు, అంటే తాకబోయే ముందు ముక్కు పైకెత్తి దిగుడు తగ్గించే పని చేయకూడదు. ముక్కును తాకే భంగిమలో పెట్టి, పవర్‌తో నిమిషానికి 150 అడుగులకు మించకుండా దిగుతూ నీరు తగిలేదాకా అలాగే ఉండాలి. 60 నాట్ల వేగంతో 200 అడుగుల నుంచి ఇలా దిగితే సుమారు 8,000 అడుగుల పొడవు కరిగిపోతుంది, 50 అడుగుల నుంచి అయితే 2,000. అందుకే ఒడ్డును తక్కువ ఎత్తులో దాటి, ఒడ్డుకు సమాంతరంగా, పక్కచూపుతో ఎత్తు పోల్చుకుంటూ దిగాలి. ఆ చోటు లేకపోతే రన్‌వేకి వెళ్లిపోవాలి. సరస్సులో దిగడానికి చాలిన పొడవు పైకి లేవడానికి చాలకపోవచ్చని కూడా దిగకముందే లెక్క చూసుకోవాలి.

రన్‌వే పక్క పచ్చిక కూడా ఒక ఎంపికే. చక్రాలు దిగనప్పుడు కీల్‌కి మరింత తక్కువ నష్టం, అంతకుమించి ప్రత్యేకత లేదు. ఇంజన్ ఆగి నీళ్లలోనో మెత్తటి పొలంలోనో దిగాల్సి వస్తే చక్రాలు పైకే ఉండనివ్వండి, పొలంలో చిన్న ముందు చక్రాలు దిగబడతాయి. నీళ్లలోకైతే తాకకముందే తలుపులు కొంచెం తెరవండి, లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉండండి, కానీ బయటికి వచ్చేదాకా గాలి నింపొద్దు.