అంబులెన్స్ నుంచి ఆసుపత్రికి రోగి వివరాలు: ఫోన్ కబురా, డిజిటల్ రికార్డా?

ఖర్చు: ఫోన్‌కు దాదాపు ఏమీ లేదు. డిజిటల్‌కు ట్యాబ్‌లు, సాఫ్ట్‌వేర్, రెండువైపులా శిక్షణ కావాలి.

శ్రమ: ఫోన్‌లో నిమిషంలో చెప్పేయొచ్చు. కదిలే బండిలో రోగిని చూసుకుంటూ టైప్ చేయడం నిజంగా కష్టం.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పక్షవాతం రోగి చివరిసారి మామూలుగా కనిపించింది ఆరింటికి అని ఫోన్‌లో చెబితే, అవతల ఆరున్నర అని రాసుకోవచ్చు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందుకు ఆ సమయం నుంచి సాధారణంగా 4.5 గంటలే గడువు. గుండెపోటులోనైతే 12 లీడ్ ఈసీజీని (గుండె విద్యుత్ సంకేతాలను 12 కోణాల్లో చూపే గ్రాఫ్‌ని) మాటల్లో వర్ణించేకంటే పంపడమే మేలు; డాక్టర్ ముందే చూసి క్యాథ్ ల్యాబ్ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే గది) సిద్ధం చేయించవచ్చు.

ఏది ఎప్పుడు: ఇంటర్నెట్ సిగ్నల్ సరిగా లేకపోయినా, ఆసుపత్రి పక్కనే ఉన్నా ఫోన్. గుండెపోటు, పక్షవాతం, దూర ప్రయాణమైతే డిజిటల్. అయినా ప్రాణం మీదికొచ్చిన కేసులో రికార్డు పంపాక ఫోన్ కూడా చేయాల్సిందే. అవతల స్క్రీన్ ఎవరూ చూడకపోతే పంపి ఏం లాభం?