జాగ్రత్త: ‘వైజాగ్ నుంచి డల్లాస్ 16 గంటలే’ అంటూ టికెట్లు అమ్ముతున్నారు

దూరం 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 16 గంటలు. ఆన్‌లైన్‌లో కనిపించే ఈ లెక్క చూపించి కొందరు ఏజెంట్లు పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలకు టికెట్లు అంటగడుతున్నారు. దూరం నిజమే. సమయం మాత్రం ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తే వచ్చిన అంకె, అంతే.

మన వైజాగ్ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమాన. రెండూ కలిపితే సరిగ్గా 180, అంటే డల్లాస్ రేఖాంశం భూగోళానికి సరిగ్గా అవతలి వైపు. అందుకే దగ్గరి దారి నేపాల్, టిబెట్, సైబీరియా దాటి ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. ఆ గీత పట్టుకుని మనల్ని తీసుకెళ్లే విమానం లేదు. టిబెట్ మీద క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే కిందకు దిగాలి, కింద చూస్తే అంత దిగనివ్వని ఎత్తైన కొండలు. రష్యా గగనతలం 2022 నుంచి అమెరికా, చాలా యూరప్ విమాన సంస్థలకు మూత. అయినా వైజాగ్ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎక్కడుంది?

హైదరాబాద్‌కు గంటా పదిహేను నిమిషాలు, అక్కడి నుంచి దుబాయ్‌కి సుమారు నాలుగు గంటలు, దుబాయ్ నుంచి డల్లాస్‌కు దాదాపు 16. గాల్లోనే 21 దాటింది. మధ్యలో రెండుచోట్ల ఆగడం కలిపితే 26 నుంచి 30 గంటలు. టికెట్‌లో రాత్రి 10కి బయలుదేరి మర్నాడు సాయంత్రం 4కి దిగుతారని ఉంటే 18 గంటలనుకోకండి. అవి ఏ ఊరి టైము ఆ ఊరిది. వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, కాబట్టి అది ఇరవై ఎనిమిదిన్నర గంటల ప్రయాణం.

అసలు దెబ్బ వేరే ఉంది. ధర తగ్గించి చూపడానికి వైజాగ్–హైదరాబాద్ ఒక పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), మిగతాది ఇంకో పీఎన్ఆర్ చేస్తారు, అంటే రెండు విడి టికెట్లు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు సంబంధం లేదు. విదేశీ విమానాల కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అందకపోతే మీరు నో–షో (రాని ప్రయాణికుడి లెక్క), చాలా టికెట్లలో తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోతుంది. సామాను హైదరాబాద్‌లో బయటకు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. అమెరికా టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు ఇచ్చినా దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. మిగతా 31 కిలోలకు, అందులోని ఆవకాయతో సహా, వైజాగ్ కౌంటర్‌లోనే డబ్బు కక్కాలి. వీల్‌చైర్ కూడా రెండు టికెట్లకూ విడివిడిగా అడగాలి.

డబ్బు కట్టకముందే ఐటినరరీ (ప్రయాణ వివరాల పత్రం) తెప్పించుకుని చూడండి: ఒకే పీఎన్ఆర్ ఉందా, మొత్తం ప్రయాణ సమయం ఎంత రాశారు, సామాను డల్లాస్ వరకు ట్యాగ్ చేస్తారా. నోటిమాట చెల్లదు. విడి టికెట్లే దిక్కయితే హైదరాబాద్‌కు విమానం వద్దు, ఒకరోజు ముందుగా గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. సెకండ్ ఏసీలో మనిషికి 50 కిలోలు ఉచితం, రెండు పెట్టెలూ పట్టేస్తాయి.