తొమ్మిదేండ్లుగ అమ్మ మందులు తెచ్చుకుంటున్న మెడికల్ షాపు గురించి

నల్గొండల ఇల్లు మారిన కాడి నుంచి, అంటే తొమ్మిదేండ్లు దాటింది, మా అమ్మ బీపీ గోలీలు, షుగర్ గోలీలు, రెండేండ్లుగ ఇన్సులిన్, అన్నీ మా గల్లీ మూల మీద ఉన్న ఒక్క మెడికల్‌లనే తీసుకుంటున్నం. పేరు రాస్తలేను, నేను చెప్పాలనుకున్నది షాపు గురించి కాదు, అక్కడ కౌంటర్ల కూసునే ఫార్మసిస్ట్ అన్న చేసే పని గురించి.

అంతకుముందు వేరే కాడ తెస్తుంటిమి, డిస్కౌంట్ మంచిగ ఇస్తుండె. ఒకసారి డాక్టర్ గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ 1 మిల్లీగ్రాం రాస్తే కౌంటర్ మీదున్న పిల్లగాడు 2 మిల్లీగ్రాములది ఇచ్చిండు, పేరు ఒకటే, షీటు కూడ ఒక్కతీర్గనే ఉంటది, నేను సుత చూసుకోలే. మూడో రోజు పొద్దుగాల అమ్మకు ఒళ్లంత చెమటలు, చేతులు వణుకుడు, మాట తడబడుతుంది, మిషన్ పెట్టి చూస్తే షుగర్ 54కు పడిపోయింది. చక్కెర నీళ్లు తాగిపిచ్చి దవాఖానకు ఉరికినం. అమ్మ తేరుకున్నంక షాపుకు పోయి నిలదీద్దామంటే అప్పుడు చూసిన, గోడకు ఫ్రేం కట్టి ఉన్న ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ మీద ఫోటో ఒకాయనది, ఆయనను నేను ఆ షాపుల ఒక్కరోజు కూడ చూడలే. సర్టిఫికెట్ కిరాయికి పెడ్తరని విన్న గాని అది మా అమ్మ దాకా వస్తదని అనుకోలే.

అప్పటి నుంచి ఈ సంగతి పట్టుకొని చదివిన. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ సాఫ్‌గ చెప్తది, డాక్టర్ చీటీ మీద మందు ఇయ్యాలంటే రిజిస్టర్ అయిన ఫార్మసిస్టే ఇయ్యాలె. డ్రగ్స్ రూల్స్ల 65వ రూల్ అయితే ఆ మనిషి దగ్గరుండి చూసుకోవాలె అంటది. మందులు అమ్మేటందుకు ఇచ్చే ఫారం 20, 21 లైసెన్సులు అందరికి కనపడేటట్టు పెట్టాలె, చీటీల రాసిన మందుకు బదులు ఇంకోటి అంటగట్టొద్దు. ఇవన్నీ కాయితం మీద ఉన్నయి. ఈ అన్న కాడ నేను కళ్లార చూసిన.

ఎట్లంటే, షీటు కత్తిరిచ్చేటప్పుడు ఎక్స్‌పైరీ డేట్ ఉన్న ముక్కను ఎప్పుడు కత్తెర వెయ్యడు, అది మనకు వచ్చే ముక్కకే ఉండాలె అంటడు. అమ్మకు చదువు రాదు, అందుకని కవర్ మీద పొద్దుగాలదానికి సూర్యుడు, రాత్రిదానికి చంద్రుడు పెన్నుతోని గీసి, తిన్నంక వేసుకునేదానికి కింద పళ్లెం లెక్క ఒక గుండ్రం గీస్తడు. అమ్మ ఆ కవర్లు పారెయ్యదు, డబ్బాల దాచుకుంటది. ఇన్సులిన్ ఫ్రిజ్‌ల 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలె, మనకిచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ మీద సీదా పెట్టడు, కాయితంల చుట్టి పెడ్తడు, గడ్డకడితే మందు పనిచెయ్యదట. ఎండాకాలం కరెంటు పోతే ముందు ఆ ఫ్రిజ్‌కే ఇన్వర్టర్.

అమ్మది మర్రిగూడ దిక్కు ఊరు, చిన్నప్పటి నుంచి ఆ ఫ్లోరైడ్ నీళ్లే తాగింది, మోకాళ్లు, నడుము ఎప్పుడు గుంజుతనే ఉంటయి. ఊర్లె అందరి లెక్కనే డైక్లోఫెనాక్ అనే నొప్పుల గోలీలు అలవాటయినయి. ఒకరోజు తనే పోయి అడిగితే ఈ అన్న ఇయ్యలే. "అమ్మా, నీకు బీపీ ఉంది, షుగర్ ఉంది, ఈ గోలీ దినాం ఏసుకుంటే కిడ్నీలు ఖరాబైతయి, డాక్టరమ్మను అడిగి రాపిచ్చుకొని రా, నేనే ఇస్త" అన్నడట. అమ్మ కోపంతోని వారం రోజులు ఆ దిక్కు పోలే. తర్వాత డాక్టరమ్మ కిడ్నీలు ఎట్లున్నయో చూసే క్రియాటినిన్ పరీక్ష చేపిచ్చి ఆ గోలీ బంద్ చెయ్యమన్నది. అమ్మ తెల్లారి పోయి అన్నకు చెప్పొచ్చింది.

నచ్చనివి కూడ చెప్పాలె. రాత్రి 9 గంటలకు షట్టర్ దించుతడు. డిస్కౌంట్ తక్కువ, నెలకు మాకు రెండు మూడొందలు తేడా వస్తది, అందరు భరించలేరు, అది నాకు తెలుసు. ఒకసారి ఆయన ఎవరిదో పెండ్లికి దేవరకొండ పోతే మధ్యాహ్నం నుంచి షాపుల పిల్లగాడు ఒక్కడే, సబ్బులు, పౌడర్లు అమ్ముతుండు గాని చీటీ మందులు ముట్టుకోలే, "సార్ వచ్చినంక రా అక్కా" అన్నడు. ఆ పూట మస్తు కోపమొచ్చింది, ఎండల బస్టాండ్ దాక పోయి తెచ్చుకున్న. గాని షుగర్ 54 చూసినదాన్ని, ఆ పిల్లగాడిని ఏమనాలె?

షెడ్యూల్ హెచ్1, అంటే చీటీ చూసి రిజిస్టర్ల రాసుకొనే ఇయ్యాల్సిన మందులకైతే ఇంక గట్టిగ ఉంటడు. ఆందోళనకు ఇచ్చే అల్ప్రజోలం, గట్టి నొప్పులకు ఇచ్చే ట్రమడాల్ అసొంటియి చీటీ లేకుంటే ఎంత బతిమిలాడినా ఇయ్యడు, రిజిస్టర్ల డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని గోలీలు అన్నీ రాసుకుంటడు. ఆ రిజిస్టర్ మూడేండ్లు దాచి పెట్టాలె.

ఇప్పుడు డీ.ఫార్మసీ, అంటే ఫార్మసీ డిప్లొమా చదువుకున్న ఒక పిల్ల ట్రైనింగ్‌కు వస్తుంది, 500 గంటలు చెయ్యాలంట. మొన్న నేను పోయినప్పుడు అన్న ఆ పిల్లతోని అమ్మ గోలీల షీట్లు ఒక్కొక్కటి బయటికి చదివిపిచ్చిండు, పేరు, మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ. గ్లిమెపిరైడ్ కాడికి రాంగనే ఆ పిల్ల ఆగి, చీటీ మళ్ల ఒకసారి చూసి, "ఒకటే అక్కా, రెండు కాదు" అన్నది.